శాలువాతో సరిపెట్టకండి: చేతిపనుల్లో నిలబడ్డ ఆడవాళ్ళకు సన్మానం ఎలా చేయాలి

మూడేళ్ళ కిందట మహిళా దినోత్సవానికి మా కాలనీ కమిటీ తరఫున సన్మాన సభ పెట్టాం. మాది విజయవాడ ఆటోనగర్ పక్కనే. అక్కడ వెల్డింగ్ షెడ్డు నడిపే ఒకావిడని పిలిచాం. పది గంటలకి రమ్మంటే ఆవిడ తొమ్మిదిన్నరకే ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది. ముఖ్య అతిథి వచ్చేసరికి పన్నెండు దాటింది. ఆయన మాట్లాడారు, ఆయనతో వచ్చిన ఇద్దరు మాట్లాడారు. ఆఖర్న ఆవిడని వేదిక ఎక్కించి, "మగవాళ్ళకు ఏమాత్రం తీసిపోకుండా" అంటూ ఒక వాక్యం చదివి, శాలువా కప్పి, ఫొటో తీసి దింపేశాం. ఇంటిపేరు కూడా తప్పు చదివాం. చదివింది నేనే.

వారం తర్వాత కిటికీ గ్రిల్లు పని మీద షెడ్డుకి వెళ్తే, కవరు కూడా విప్పని శాలువా రాడ్ల పెట్టె మీద కనిపించింది. "ఇది నైలాన్ గుడ్డమ్మా. రవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుపోద్ది. ఇక్కడ వాడలేను, ఇంట్లో కప్పుకోడానికి మన ఊళ్ళో చలెక్కడిది?" అంది. కోపంగా ఏం అనలేదు. చీర మీద వాళ్ళాయన పాత ఫుల్ హ్యాండ్స్ కాటన్ చొక్కా వేసుకుని ఉంది. మణికట్ల మీద ఆవగింజలంత కాలిన మచ్చలు. సభ రోజు ఒక గేటు డెలివరీ ఇవ్వాల్సిందనీ, అది ఆగిపోయిందనీ మాటల్లో తెలిసింది. అంటే మా సన్మానం వల్ల ఆవిడకి ఒక రోజు కూలి పోయింది, ఒక ఖాతాదారు దగ్గర మాట పోయింది.

ఆ తర్వాత రెండుసార్లు చేశాం. చాలా మార్చుకున్నాం. మీరు కాలనీ సంఘంలో ఉన్నా, స్కూల్లో టీచరైనా, డ్వాక్రా సంఘం లీడరైనా, ఊరి యువజన సంఘంలో ఉన్నా ఈ పద్ధతి పనికొస్తుంది. తయారీకి కనీసం ఆరు వారాలు పెట్టుకోండి.

మొదటి పని: కనిపించని వాళ్ళను వెతకడం

పేపర్లో వచ్చినవాళ్ళనే మళ్ళీ పిలవడం సులువు. కానీ మీ వీధికి ఆనుకుని పనిచేసే ఆవిడ పేపర్లో రాకపోవచ్చు. వెతకడానికి మంచి దారి సామాను అమ్మే షాపులు. వెల్డింగ్ రాడ్లు, వైండింగ్ తీగ, టైరు ట్యూబులు, ప్లంబింగ్ ఫిట్టింగులు అమ్మేవాళ్ళకి ఏ పని ఎవరు చేస్తున్నారో తెలుసు. "మీ దగ్గర సొంతంగా సామాను ఎంచుకుని కొనే ఆడవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడగండి. ఎవరో కొనమని చీటీ ఇస్తే వచ్చేవాళ్ళు వేరు, 12 నంబరు రాడ్డా 10 నంబరు రాడ్డా అని తామే తేల్చుకుని అడిగేవాళ్ళు వేరు. షాపు ఆయనకి ఆ తేడా బాగా తెలుస్తుంది.

ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, డీజిల్ మెకానిక్ ట్రేడులు చదివిన అమ్మాయిలు ఇప్పుడు ఎక్కడున్నారో అక్కడి ఇన్‌స్ట్రక్టర్లను అడగండి. కరెంటు సబ్‌స్టేషన్, ఆర్టీసీ డిపో, రైల్వే వర్క్‌షాపు, పెద్ద అపార్ట్‌మెంట్లు కడుతున్న సైట్లు, పొద్దున్నే మేస్త్రీలు నిలబడే అడ్డా, పంక్చర్ షాపులు, ఇవన్నీ ఒకసారి తిరగండి. పల్లెల్లో అయితే పొలాల మీద మందు పిచికారీ చేసే డ్రోన్లు నడిపే స్వయం సహాయక సంఘాల ఆడవాళ్ళు కూడా ఇప్పుడు ఉన్నారు. 2023లో కేంద్రం ప్రకటించిన నమో డ్రోన్ దీదీ పథకంలో శిక్షణ పొందినవాళ్ళు వాళ్ళు. మండల సమాఖ్యలో అడిగితే చెబుతారు.

ఇంకో రకం వాళ్ళున్నారు, నాకు అందరికంటే ముందు వాళ్ళే గుర్తొస్తారు. మోటారు వైండింగ్ షాపుకి వెళ్ళి చూడండి. బోర్డు మీద ఆయన పేరు ఉంటుంది. ముందు బల్ల దగ్గర బేరం ఆడేది ఆయనే. లోపల గచ్చు మీద కూర్చుని, కాలిపోయిన కాయిల్ విప్పి, చుట్లు లెక్కపెట్టి, కొత్త రాగి తీగ చుట్టి, స్లాట్లలో కూర్చేది మాత్రం చాలాచోట్ల ఆవిడ. చుట్ల లెక్క తప్పితే మోటారు వేడెక్కుతుంది. "మా ఆవిడ సాయం చేస్తుందండీ" అంటాడు ఆయన. సాయం చేస్తోందా, పనే చేస్తోందా తేల్చుకోవడానికి ఒక ప్రశ్న ఉంది: "ఆవిడ నెల రోజులు పుట్టింటికి వెళ్తే షాపు నడుస్తుందా?" జవాబు కోసం ఆయన కాస్త తటపటాయిస్తే మీరు వెతుకుతున్న మనిషి దొరికినట్టే.

కట్టుబడి పనిలో కూడా ఇంతే. సైటులో ఆడవాళ్ళు చాలామంది ఉంటారు, కానీ గమేళాలు మోసేవాళ్ళుగా, మాలు కలిపేవాళ్ళుగా. తాపీ వాళ్ళ చేతికి రావడం అరుదు. ఎవరైనా తాపీ పట్టి, గుండు వేలాడదీసి గోడ నిటారుగా ఉందో లేదో చూసుకుంటూ ఇటుక పేరుస్తుంటే ఆగి పేరు రాసుకోండి.

ఒక్క సభకి నలుగురికి మించి వద్దు. ఎక్కువమంది అయితే ఒక్కొక్కరికి రెండు నిమిషాలు కూడా దక్కవు.

రెండో పని: వెళ్ళి అడగడం

ఫోన్లో "మీకు సన్మానం చేస్తున్నాం, రండి" అని చెప్పేయకండి. పని చేసే చోటికి వెళ్ళండి, అదీ పని లేని వేళ. ఒప్పుకోవాలా వద్దా అన్నది ఆవిడ ఇష్టం. కొందరికి ఇంట్లో గొడవ. కొందరు ఏ పని చేస్తున్నారో ఊళ్ళో అత్తగారి వైపు వాళ్ళకి చెప్పలేదు. ఫొటో ఫేస్‌బుక్‌లో పెడితే కింద రాసే చెత్త కామెంట్లు చదవాల్సింది ఆవిడే, మనం కాదు. అందుకని ఫొటో తీయవచ్చా, వీడియో పెట్టవచ్చా, విలేకరులను పిలవవచ్చా అన్న మూడూ విడివిడిగా అడగండి. వద్దంటే వద్దు. బతిమాలకండి.

ఆ తర్వాత పేరు. ఇంటిపేరు పుట్టింటిది చెప్పమంటారా, అత్తింటిది చెప్పమంటారా అడిగి, ఆవిడ ముందే రాసి, చదివి వినిపించండి. నేను చేసిన తప్పు మీరు చేయకూడదు.

పనిని ఏమని పిలవాలో కూడా అడగాలి. తెలుగులో ఈ పేర్లన్నీ మగవాళ్ళను చూసి పుట్టినవే: మేస్త్రీ, లైన్‌మన్, మెకానిక్, డ్రైవర్. కొందరు "మేస్త్రీ అనే పిలవండి, అదే నా పని" అంటారు. కొందరికి లైన్‌ఉమన్ అనిపించుకోవడం ఇష్టం. "లేడీ మెకానిక్" అంటే కొందరికి చిరాకు. వాళ్ళు ఎలా అంటే అలాగే ఆహ్వాన పత్రంలో, జ్ఞాపిక మీద, మైకులో ఒకటే మాట వాడండి.

మూడో పని: అరగంట కూర్చుని పని చూడడం

పరిచయం రాసేవాళ్ళు ఈ పని తప్పకుండా చేయాలి. పని చూడకుండా రాస్తే "పట్టుదల, ఆత్మవిశ్వాసం" లాంటి మాటలే వస్తాయి. అవి ఎవరి గురించైనా రాయవచ్చు.

నేను మా వెల్డింగ్ ఆవిడ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. గేటు ఫ్రేముకి నాలుగు స్క్వేర్ పైపులు కోసి నేల మీద పరిచింది. మూలమట్టం పెట్టి ఒక్కో మూలకి ఒక్క టాకా, అంటే చుక్కంత అతుకు, వేసింది. వెంటనే పూర్తిగా అతికేయలేదు. టేపు తీసి ఈ మూల నుంచి ఆ ఎదురు మూలకి, మళ్ళీ ఇటు నుంచి అటు కొలిచింది. రెండు కొలతలకీ నాలుగు మిల్లీమీటర్ల తేడా. సుత్తితో ఒక మూల నెమ్మదిగా తట్టి, మళ్ళీ కొలిచి, రెండూ సమానం అయ్యాకే అసలు అతుకు మొదలుపెట్టింది. అదీ ఒక మూల పూర్తిచేసి పక్క మూలకి పోలేదు, ఎదురు మూలకి వెళ్ళింది. ఎందుకని అడిగితే, "ఒకే వైపు వేడి ఎక్కితే ఫ్రేము గుంజేస్తుందమ్మా, తర్వాత తలుపు పడదు" అంది. రాడ్డు కొసకీ ఇనుముకీ మధ్య ఎడం రాడ్డు మందమంతే ఉండాలట. దగ్గరైతే అతుక్కుంటుంది, దూరమైతే రవ్వలు చిమ్మి అతుకు గుల్లబారుతుంది. రాడ్డు కరుగుతూ పొట్టిదవుతుంటే ఆ ఎడం మారకుండా చెయ్యి కిందికి దిగుతూ ఉండాలి. నల్ల అద్దం వెనకనుంచి, ఊపిరి బిగబట్టి, అరంగుళం అరంగుళం.

మరుసటి ఏడాది పరిచయంలో ఇదే రాశాను. సభలో చప్పట్లు ఈ కొలతల దగ్గరే పడ్డాయి.

నాలుగో పని: మాట సరిచూసుకోవడం

పాత పరిచయం ఇలా ఉండేది: "మహిళ అయి ఉండి కూడా, మగవాళ్ళకు దీటుగా, ఇంటి బాధ్యతలు నిర్వర్తిస్తూనే, వెల్డింగ్ వంటి కష్టతరమైన రంగంలో రాణిస్తున్న..."

కొత్తది ఇలా: "ఈవిడ పదమూడేళ్ళుగా వెల్డింగ్ చేస్తున్నారు. మన మూడో వీధిలో పదకొండు గేట్లు, గుడి దగ్గర మెట్ల రెయిలింగు ఈవిడ చేతివి. తల పైకెత్తి కప్పుకి అతుకు వేయడం ఈ పనిలో కష్టమైన భాగం, ఎందుకంటే కరిగిన ఇనుము మీదకే రాలుతుంది. ఆ పని ఉన్నప్పుడు పక్క షెడ్ల వాళ్ళు ఈవిడనే పిలుస్తారు."

మొదటి దాంట్లో "కూడా", "దీటుగా", "నిర్వర్తిస్తూనే" అన్న మూడు మాటలు తీసేస్తే ఏమీ మిగలదు. మగ వెల్డరుకి సన్మానం చేస్తే వంట ఎవరు చేస్తారని మనం అడగం కదా. ఈవిడనీ అడగొద్దు. ఆవిడంతట ఆవిడ చెప్పాలనుకుంటే అది వేరు.

"తొలి మహిళ" అని రాసేముందు రెండుసార్లు ఆలోచించండి. జిల్లాలో తొలి, రాష్ట్రంలో తొలి అని తొందరపడి రాస్తే, అంతకుముందే ఆ పని చేసిన ఇంకో ఆవిడని మనం తుడిచేసినట్టు అవుతుంది. ఆధారం ఉంటేనే రాయండి. లేకపోతే "మన ఊళ్ళో ఈ పని చేస్తున్న" అంటే చాలు. తొలి అయినందువల్ల పని గొప్పది కాలేదు, బాగా చేస్తున్నందువల్ల అయింది.

ఆధారం ఉన్నచోట మాత్రం చరిత్రని తప్పకుండా చెప్పండి, ఎందుకంటే మన పిల్లలకి ఇది ఎవరూ చెప్పడం లేదు. మన తెలుగింటి ఆడపడుచు ఎ. లలిత 1943లో మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పూర్తిచేశారు. దేశంలో తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరు. పదిహేనేళ్ళకి పెళ్ళి, పద్దెనిమిదేళ్ళకి భర్త పోయారు, ఒళ్ళో నెలల పాప. తండ్రి పప్పు సుబ్బారావు అదే కాలేజీలో ప్రొఫెసర్, ఆయన అండగా నిలబడ్డారు. పట్టా కాగితం మీద అచ్చులో "అతడు" అని ఉంటే కొట్టేసి "ఆమె" అని దిద్ది ఇచ్చారట. భాక్రా నంగల్ ప్రాజెక్టు జనరేటర్ల పనిలో ఆమె చెయ్యి ఉంది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సమావేశానికి వెళ్ళారు. మీరు సన్మాన పత్రం అచ్చు వేయించేటప్పుడు ప్రెస్సు వాళ్ళ పాత నమూనాలో "శ్రీ", "వారు", "ధర్మపత్ని" లాంటివి మిగిలిపోయాయేమో చూసుకోండి. ఎనభై ఏళ్ళ తర్వాత కూడా మనం కొట్టివేతలతో ఇవ్వకూడదు.

దగ్గరి కాలంలోదీ చెప్పవచ్చు. తెలంగాణలో జూనియర్ లైన్‌మన్ ఉద్యోగాలకి ఆడవాళ్ళు పనికిరారన్నట్టు నోటిఫికేషన్ వస్తే కొందరు అమ్మాయిలు హైకోర్టుకి వెళ్ళారు. కోర్టు అవకాశం ఇచ్చాక కరెంటు స్తంభం ఎక్కే పరీక్ష నెగ్గారు. వాళ్ళలో సిద్దిపేట జిల్లా అమ్మాయి బబ్బూరి శిరీష 2022లో ఉద్యోగంలో చేరింది. భూగర్భ గనుల్లోకి ఆడవాళ్ళు దిగకూడదని 1952 గనుల చట్టంలో ఉన్న నిషేధం 2019 దాకా సడలలేదు. ఇలాంటివి చెబితే, ఇన్నాళ్ళు ఈ పనుల్లో ఆడవాళ్ళు కనిపించకపోవడానికి కారణం చేతకాకపోవడం కాదని, తలుపు మూసి ఉండడమని కూర్చున్నవాళ్ళకి అర్థమవుతుంది.

ఐదో పని: రోజు, వేళ, చోటు

మార్చి 8 మంచిదే, కానీ ఆ రోజు ఊళ్ళో పది సభలు ఉంటాయి. అతిథులు ఒకదాని నుంచి ఇంకోదానికి పరిగెత్తుతుంటారు. నా సలహా ఆయుధ పూజ. మహర్నవమి నాడు ఆటోనగర్ చూడాలి: లేత్ మిషన్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, స్పానర్లు, డ్రిల్లింగ్ మిషన్లు వరసగా పేర్చి, బంతిపూల దండలు వేసి, బూడిద గుమ్మడికాయ కొడతారు. పనిముట్టుకి దండం పెట్టే రోజు మనకి ఎటూ ఉంది. ఆ రోజు ఆవిడ షెడ్డుకే వెళ్ళి, పూజ అయ్యాక అక్కడే, ఆవిడ పనిముట్ల మధ్య, చుట్టుపక్కల షెడ్ల వాళ్ళ ముందు సన్మానం చేయండి. హాలు అద్దె లేదు, వేదిక లేదు. రోజూ పక్కన పనిచేసే మగవాళ్ళు చూస్తుండగా జరిగిన గౌరవం మరుసటి రోజు ఆవిడకి పనిలో ఉపయోగపడుతుంది. రెండోసారి మేం అలాగే చేశాం. పూజ చేసుకోని వాళ్ళయితే సెప్టెంబర్ 15 ఇంజనీర్ల దినం, మే 1 ఉన్నాయి. సెప్టెంబర్ 17 విశ్వకర్మ జయంతి కూడా మంచి రోజే.

సభే పెట్టాలనుకుంటే వాళ్ళ సెలవు రోజు, లేదా సాయంత్రం ఆరు తర్వాత. ఉద్యోగంలో ఉన్నవాళ్ళయితే షిఫ్టు కనుక్కోండి. పనిదినం పోతుంటే ఆ రోజు సంపాదన కవర్లో పెట్టి, గౌరవ వేతనంగా ముందే ఇచ్చేయండి. ఆటో ఖర్చు, చిన్న పిల్లలుంటే వాళ్ళని చూసుకునే మనిషి, చుట్టాలకి కూర్చోడానికి చోటు కూడా మీ బాధ్యతే. హాలు బుక్ చేసేటప్పుడు ఆడవాళ్ళ టాయిలెట్‌కి నీళ్ళు వస్తున్నాయో లేదో మీరే వెళ్ళి చూడండి. నిజానికి ఈ ఆడవాళ్ళని పని గురించి అడిగితే అందరూ మొదట చెప్పే కష్టం ఇదే. సైటులో టాయిలెట్ ఉండదు, అందుకని పొద్దుటి నుంచి నీళ్ళు తాగరు.

ఆరో పని: ఏమివ్వాలో వాళ్ళనే అడగడం

శాలువా, దండ, మెమెంటో కలిపి ఒక్కొక్కరికి పదిహేను వందల దాకా మాకు అయ్యేది. మెమెంటో షోకేసులో దుమ్ము పట్టి ఉంటుంది. అదే డబ్బుకి ఇంకొంత కలిపితే పనిముట్టు వస్తుంది. మా వెల్డింగ్ ఆవిడ అడిగింది ఆటో డార్కెనింగ్ హెల్మెట్. రాడ్డు కొస దగ్గర మెరుపు (ఆర్క్) వెలగగానే దాని అద్దం దానంతట అదే నల్లబడుతుంది. ఒక చేత్తో షీల్డ్ పట్టుకునే బాధ తప్పుతుంది. దాంతోపాటు తోలు చేతితొడుగులు, మందపాటి కాటన్ జాకెట్.

మిగతావాళ్ళకి ఇచ్చినవి: ఎలక్ట్రీషియన్‌కి క్లాంప్ మీటరు (వైరు చుట్టూ పట్టి ఎంత కరెంటు పారుతోందో చూసేది), ఇన్సులేషన్ ఉన్న స్క్రూ డ్రైవర్లు, కటింగ్ ప్లేయర్. తాపీ పనిచేసే ఆవిడకి మంచి స్పిరిట్ లెవెల్, అల్యూమినియం బద్ద. అన్నిటికీ అడగాల్సింది సైజు. సేఫ్టీ షూస్ మామూలు షాపుల్లో ఆడవాళ్ళ పాదానికి సరిపోయే చిన్న సైజుల్లో తేలిగ్గా దొరకవు, ముందే ఆర్డర్ పెట్టాలి. తొడుగులూ అంతే. వదులు తొడుగులతో కరెంటు పని చేయడం ప్రమాదం. సర్‌ప్రైజ్ ఇవ్వాలని చెప్పకుండా కొనకండి.

శాలువా అస్సలు వద్దని కాదు. మన వైపు శాలువా కప్పడమంటే మర్యాద, ఆవిడ తల్లిదండ్రులు అది చూసి సంతోషిస్తారు. మంగళగిరిదో, పోచంపల్లిదో నూలు కండువా కప్పండి. దాన్నీ ఒక నేతగాడు చేత్తో నేశాడు.

డబ్బు లేకపోతే కాగితాల పని చేసిపెట్టండి, ఇది చాలా పెద్ద సాయం. పీఎం విశ్వకర్మ పథకంలో 18 చేతివృత్తులున్నాయి: వడ్రంగి, కమ్మరి, తాపీ మేస్త్రీ, తాళాలు బాగుచేసేవాళ్ళు, మంగలి, బొమ్మలు చేసేవాళ్ళు వగైరా. నమోదైతే శిక్షణ రోజుల్లో రోజుకి 500 రూపాయలు, పనిముట్లకి 15,000 రూపాయలు, తర్వాత 5 శాతం వడ్డీకి అప్పు, మొదట లక్ష దాకా. ఒక చిక్కు ఉంది. కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు. భర్త పేరున అప్పటికే నమోదై ఉంటే భార్యకి రాదు, తాపీ ఇద్దరిదీ అయినా సరే. ఈ మాట వాళ్ళకి ముందే చెప్పండి, ఎవరి పేరున వేసుకోవాలో ఇంట్లో కూర్చుని మాట్లాడుకుంటారు. ఎలక్ట్రీషియన్, ప్లంబర్ ఆ జాబితాలో లేరు. వాళ్ళు కట్టుబడి పనిలో ఉంటే భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో చేరవచ్చు. 18 నుంచి 60 ఏళ్ళ మధ్య వయసు, గడిచిన ఏడాదిలో 90 రోజులు పనిచేసి ఉండాలి. సైటుల్లో పనిచేసే ఆడవాళ్ళలో చాలామందికి ఆ కార్డు లేదు, ఎందుకంటే మేస్త్రీ ఎవరి పేరు చెబితే వాళ్ళదే ఎక్కుతుంది. మా సభ రోజు గుమ్మం దగ్గర ఒక బల్ల వేసి, లాప్‌టాప్‌తో ఇద్దరు కుర్రాళ్ళని కూర్చోబెట్టాం. సన్మానం నలుగురికి, దరఖాస్తులు పదహారు.

ఏడో పని: సభ నడపడం

ఇందులో పెద్దగా చెప్పడానికి లేదు. ముఖ్య అతిథి వాళ్ళే అనుకుంటే సగం సమస్యలు పోతాయి. బ్యానర్ మీద పెద్ద బొమ్మ వాళ్ళది ఉండాలి. రాజకీయ నాయకులను పిలవాల్సి వస్తే ముందు వరసలో కూర్చోబెట్టండి. ఆలస్యమైతే ఆగకుండా మొదలుపెట్టండి.

"రెండు మాటలు మాట్లాడండి" అని మైకు చేతికి ఇచ్చేస్తే చాలామంది టెన్షన్ పడతారు, "అందరికీ నమస్కారం, థాంక్యూ" అని దిగిపోతారు. పక్కన కుర్చీ వేసుకుని కబుర్లలా అడగండి. ఏమడుగుతారో ముందు రోజు చెప్పండి. ఈ ప్రశ్నలు బాగా పనిచేశాయి: మొదటిసారి ఈ పనిముట్టు ఎవరు ఇచ్చారు? పాడైపోయిన పని ఒకటి చెప్పండి, ఎలా సరిచేశారు? ఖాతాదారు మిమ్మల్ని చూసి "మీ ఆయన్ని పంపించండి" అంటే ఏం చెబుతారు? మీ దగ్గర నేర్చుకోవాలని ఎవరైనా వస్తే ఎన్నాళ్ళు పడుతుంది?

కండువా కప్పించడానికి పదో తరగతి అమ్మాయిలను పిలవండి. మేం బల్ల మీద పనిముట్లు పెట్టి, సభ అయ్యాక పిల్లలని ముట్టుకోనిచ్చాం. ఎలక్ట్రీషియన్ అక్క క్లాంప్ మీటరు ఎలా పట్టాలో చూపించింది. ఒక అమ్మాయి ఫ్యాను వైర్లలో ఒక్కదానికే పట్టి, అంకె మారగానే "అక్కా, కరెంటు కనిపిస్తోంది" అని అరిచింది. ఆ పిల్ల వాళ్ళ నాన్న వెనక నిలబడి ఉన్నాడు. మరునాడు ఫోన్ చేసి, అమ్మాయిలకి ఐటీఐలో సీట్లు ఎలా ఇస్తారని అడిగాడు.

ఎనిమిదో పని: సభ అయ్యాక

చాలామంది ఇక్కడ వదిలేస్తారు. కానీ అసలు పని ఇప్పుడే.

వాళ్ళు ఒప్పుకుంటే పేరు, పని, ఫోన్ నంబరు, ఏ వేళలో దొరుకుతారో రాసి అపార్ట్‌మెంటు నోటీసు బోర్డులో, కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టండి. "ఆడవాళ్ళే ఉండే ఇళ్ళకి మంచిది" అని ప్రత్యేకంగా రాయకండి, పని అందరికీ చేస్తారు. మీ సంఘానికి పడే మరమ్మతుల్లో మొదటి ఫోన్ వాళ్ళకే చేయండి.

పురస్కారాలకి పేరు పంపడం కూడా మీరు చేయగలరు. పద్మ పురస్కారాలకి ఎవరైనా ఎవరి పేరైనా ఆన్‌లైన్‌లో ప్రతిపాదించవచ్చు. చేసిన పని గురించి 800 పదాల్లోపు రాయాలి. మీరు మూడో పనిలో కూర్చుని రాసుకున్నదే దానికి పనికొస్తుంది. 2018 జనవరిలో రాష్ట్రపతి భవన్‌లో 112 మంది మహిళలను తమ తమ రంగాల్లో తొలివారిగా సత్కరించారు. అలాంటి జాబితాల్లోకి పేర్లు ఎవరో ఒకరు రాసి పంపితేనే వెళ్తాయి.

ఇంకో సంగతి. 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో తొలి మహిళా బస్సు డ్రైవరుగా చేరిన వి. సరిత మన నల్గొండ వైపు తండా అమ్మాయి. పేపర్లు ఆవిడ గురించి ఎంతో రాశాయి. సొంత రాష్ట్రంలో ఆర్టీసీ స్టీరింగ్ చేతికి రావడానికి మాత్రం 2025 దాకా పట్టింది. పొగడ్త వచ్చిన పదేళ్ళకి పని వచ్చింది. మీ ఊళ్ళో ఆ పదేళ్ళని పది రోజులు చేయగలరేమో చూడండి. డిపో మేనేజరు, కాంట్రాక్టరు, షోరూం యజమాని, ఎవరి చేతిలో ఉద్యోగం ఉందో వాళ్ళని సభకి పిలిచి, వాళ్ళతో ఆవిడని అక్కడే మాట్లాడించండి. ఫొటోకి వాళ్ళ పక్కన నిలబెట్టడంతో ఆపకండి.

ఇక డబ్బు. సన్మానం చేసినవాళ్ళమే బేరం దగ్గర మారిపోతాం. పక్క షెడ్డులో కిలోకి ఇంత అని ఒప్పుకున్నవాళ్ళు, ఈవిడ దగ్గర "మన మనిషే కదా, కాస్త తగ్గించమ్మా" అంటారు. పోయిన సంక్రాంతికి మా పార్కు గేటు పని ఆవిడకే ఇచ్చాం. కమిటీలో ఒకరు ఇదే మాట అన్నారు. రిజిస్టర్‌లో అంతకుముందు వేరే ఆయనకి ఇచ్చిన రేటు తీసి చూపించి, అదే రేటు రాశాం. ఆవిడ సాయంత్రం గేటు బిగించి, రెండుసార్లు తీసి మూసి, కింది మడతబందుకి నూనె చుక్క వేసింది. బిల్లు డబ్బు అప్పటికే కవర్లో సిద్ధంగా ఉంది. లెక్కపెట్టుకుని, మిషను బండికెక్కించుకుని వెళ్ళింది.